మన బాలబాలికలు హైస్కూలు చదువును నడుమ విడుచుట: దాని పూర్వాపరములు

ఈ సంచికకై యొక చరిత్రవ్యాసమును వ్రాయుమని కార్యదర్శిగారు కోరిరి. ఇట్టి సంచికలలో మన పండితులు తఱచుగా భావనాఋషి జననమునో, పద్మశాలి శబ్దము యొక్క వ్యుత్పత్తినో వివరించుచుందురు. ఆ విషయములపై నాకంటె సమర్థులు వ్రాసియున్నారు. నేను వేఱొక చరిత్రను చెప్పదలచితిని. గడచిన నూఱేండ్లలో ఈ తెలంగాణమునందు బీదకుటుంబముల పిల్లలు హైస్కూలు వఱకు వచ్చియు దానిని ముగింపక యేల విడిచిరి? వారిని నిలుపుటకు ఎవరెవరు ఏమేమి చేసిరి? అందు మన కులమునకు గ్రహింపదగినదేమి? ఇదియే నా విషయము.

మార్కండేయుడు మన మూలపురుషుడని పరంపరగా చెప్పుకొనుచున్నాము. మృకండుని తపస్సునకు మెచ్చి శివుడిచ్చిన యా పుత్రునకు పదునాఱేండ్ల యాయువు మాత్రమే విధింపబడెననియు, ఆ యేట యమపాశము మెడపై పడినపుడు బాలుడు శివలింగమును కౌగిలించుకొని బ్రతికెననియు మన పిల్లలందఱు ఎఱుగుదురు. పదవ తరగతి పరీక్ష వ్రాయు వయస్సు నేడు పదునైదు, పదునాఱేండ్లు. సరిగా ఆ ప్రాయముననే మన యిండ్లలో అనేకుల చదువు తెగిపోవుచున్నది. ఇది పోలిక మాత్రమే. దీనిని ఇంతకంటె లాగుట పౌరాణికులకు తగునేమో కాని చరిత్ర వ్రాయువానికి తగదు.

మొదట మన యింటి సంగతి చెప్పుకొనవలెను. చేనేత యింటిలో మగ్గమే బడి. ఏడెనిమిదేండ్ల పిల్ల రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టును. పదియేండ్లు దాటినంతనే పడుగు సరిచేయుటయందును, తెగిన పోగులను అతుకుటయందును సాయపడును. పండ్రెండు పదుమూడేండ్లకు కాళ్లు తొక్కుడు చెక్కలకు అందును గనుక, బాలుడు మగ్గపు గుంటలోనికి దిగును. ఈ క్రమము తరతరములుగా నడచినది. ఇందు విద్య లేదని యెవడైన ననినచో నేనంగీకరింపను. పోగులలెక్క, రంగుల మేళనము, అచ్చులోని పన్నెల గణితము సామాన్యమైన విద్య కాదు. చిక్కెక్కడ వచ్చినదనగా, బాలుడు గుంటలోనికి దిగు వయస్సును, హైస్కూలు గుమ్మము నెక్కు వయస్సును ఒక్కటే యయ్యెను. ప్రాథమిక పాఠశాలకు పిల్లవానిని పంపుటవలన నేతగానికి నష్టము స్వల్పము. హైస్కూలునకు పంపినచో నొక మగ్గము నిలిచిపోవును. సావుకారు వద్ద తెచ్చిన బయానా తీఱవలెనన్న ఆ మగ్గము ఆడక తప్పదు. ఇట్లు చదువును విడిపించినది తండ్రి యజ్ఞానము కాదు, ఇంటి లెక్క. మన పెద్దలను మూఢులని నిందించు వ్యాసములను నేను అనేకము చదివితిని. వానిని వ్రాసినవారు మగ్గము ప్రక్క నొక దినమైనను కూర్చుండినవారు కారని తోచును.

ఇంక దేశచరిత్రలోనికి వత్తము. నిజాముగారి యేలుబడిలో హైస్కూళ్లు హైదరాబాదు నగరమునందును, జిల్లా కేంద్రములందును ముఖ్యముగా నుండెను. తాలూకా గ్రామములలోని పిల్లవానికి నాలుగైదు తరగతులతో దారి ముగిసెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతో వెలసెను. హైస్కూళ్లలోను బోధనాభాష ఉర్దూయే యగుటచే తెలుగు పిల్లవాడు చదువుతో బాటు భాషను కూడ క్రొత్తగా నేర్వవలసివచ్చెను. 1941 నాటి జనగణన ప్రకారము సంస్థానమున అక్షరాస్యులు నూటికి పదిమందియు లేరు. ఇట్టి దినములలో పల్లెనుండి నగరమునకు వచ్చిన బాలునకు తొలి ప్రశ్న పాఠ్యపుస్తకము కాదు, రాత్రి యెక్కడ పడుకొనవలెను, ఏమి తినవలెను అనునది.

ఆ ప్రశ్నకు బ్రాహ్మణ బాలురకు ఒక ప్రాచీనమైన సమాధానముండెను. వారములు చేసికొని చదువుకొనుట, అనగా వారమున నొక్కొక్కదినము ఒక్కొక్క గృహస్థు నింట భుజించుట, మధుకరమెత్తుట అను నాచారములు వారియందు గలవు. సంస్కృతము చదివినవాడను గనుక ఈ యాచారము నెఱుగుదును. అది బీదవిద్యార్థిని ఎంతమాత్రము చులకన చేయక, పెట్టినవానికే పుణ్యమని చెప్పిన గొప్ప యేర్పాటు. కాని సాలెవాని కొడుకునకును, గౌడుని కొడుకునకును, కాపువాని కొడుకునకును ఆ వాకిళ్లు తెఱువబడలేదు. వారికి నగరమున బంధువు లేనిచో చదువును లేదు. హైదరాబాదు నగరమున కులహాస్టళ్లు పుట్టుటకు ఇదియే కారణము. వీనిని గూర్చి మాటలాడువారు ఈ మూలమును మఱచి, కులాభిమానమే కారణమనుచుందురు.

ఈ హాస్టళ్లలో పేరొందినది రెడ్డి హాస్టలు. దానిని 1918లో స్థాపించినవారు రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారు. ఆయన పోలీసుశాఖలో క్రిందిస్థాయినుండి పైకివచ్చి 1920లో నగర కొత్వాలు పదవి నందుకొనిరి. ఆసఫ్‌జాహీల పాలనలో ఆ పదవి నలంకరించిన తొలి హిందువు ఆయనయే. అంతటి యధికారమున నుండియు హాస్టలు పనిని తమ యింటిపనిగా చూచుకొనిరి. సంస్థానాధీశులును, దేశముఖులును ధనసాహాయ్యము చేసిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు కొన్నియేండ్లు ఆ హాస్టలు నిర్వాహకులుగా నుండిరి. 1926లో గోలకొండ పత్రికను, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిన పండితుడు ఈయనయే. హాస్టలు అనగా అన్నము పెట్టు సత్రము మాత్రమే కాదు. అచట గ్రంథాలయముండెను, వేళకు లేపువాడుండెను, పరీక్షలో తప్పినవానిని మఱల కూర్చుండబెట్టువాడుండెను. ఇతర కులముల బాలురను కూడ చేర్చుకొనిరి. దీనిని చూచి వైశ్యులును, మున్నూరు కాపులును, మఱికొన్ని కులములవారును కాచిగూడ మొదలగు ప్రాంతములలో తమ హాస్టళ్లను నిలిపిరి.

కులహాస్టళ్లు కులభేదమును దృఢపఱచినవని కొందఱందురు. ఈ మాటను నేను సగమంగీకరింతును. కాని తక్కిన సగమును కూడ చెప్పవలెను. హాస్టలు లేనియెడల ఆ బాలురు కులభేదము లేని బడిలో చదువుకొనియుండెడివారు కారు, బడియే లేక పోయియుండెడివారు. హాస్టలు చేయలేని పనులును కలవు. తండ్రి కొంత ఖర్చు పెట్టుకొనగలిగిన బాలునకే అది యక్కఱకు వచ్చెను. కూలివాని కొడుకు అంతదూరము రాలేదు. బాలికలకు చోటు లేదు.

ఆ రెండు లోపములను గుఱించి ఆ కాలముననే యోచించినవారు లేకపోలేదు. భాగ్యరెడ్డివర్మగారు 1910 నుండి ఆదిహిందువుల పిల్లలకు నగరమున బడులు తెఱచిరి. వానిలో తొలివి ఇసామియా బజారులోను, లింగంపల్లిలోను వెలసినవి. (ఆ లింగంపల్లి నగరమధ్యమున కాచిగూడ చెంతనున్నది. మన శేరిలింగంపల్లి వేఱు. పేర్లు కలియుటచే కొందఱు పొరబడుచున్నారు.) క్రమముగా ఆ బడులు ఇరువదియాఱయ్యెను. పిల్లవాని యింటికడకే బడిని తెచ్చుట ఆయన పద్ధతి. మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాలను తెలుగు మాధ్యమముతో నెలకొల్పిరి. ప్రభుత్వభాష వేఱుగా నుండగా తెలుగు మాధ్యమమున హైస్కూలు నడపుట ఎంత సాహసమో నేటివారికి తెలియుట కష్టము. బాలిక యింటిలో వినిన భాషలో చదువు చెప్పినచో తల్లిదండ్రులు పంపుదురనియే ఆయన నమ్మిరి. ఆ పాఠశాల నేటికిని వారి పేర నున్నది.

మన కులమునుండి ఆ తరమున పైకివచ్చినవారిలో కొండా లక్ష్మణ్ బాపూజీగారిని తలంపక తీఱదు. 1915లో ఆదిలాబాదు సీమలోని వాంకిడిలో పుట్టి, న్యాయశాస్త్రము చదివి, మంత్రియై, 1969లో తెలంగాణము కొఱకు ఆ పదవిని వదలి, చేనేత సహకారసంఘముల కొఱకు జీవితమంతయు పాటుపడిరి. మనము ఆయన విగ్రహములకు పూలమాలలు వేయుచున్నాము. అట్టివారు తరమున కొక్కరిద్దరుగా మాత్రమే వచ్చుటకు కారణము మన కులమున మేధాశక్తి కొఱతపడుట కాదని నా యభిప్రాయము.

స్వాతంత్ర్యానంతరము బడులు పెరిగెను. 1956 తరువాత మండలమున కొకటి రెండుగా హైస్కూళ్లు వచ్చెను. దూరము తగ్గెను, ఫీజు తొలగెను. అయినను నడుమ విడుచువారి సంఖ్య తగ్గవలసినంత తగ్గలేదు. ఇచట ప్రభుత్వము హాస్టలు పద్ధతినే పెద్దదిగా చేసి చూచెను. పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున గురుకుల విద్యాలయమును ప్రారంభించిరి. ఆ సర్వేలు మనవారికి తెలియని యూరు కాదు. తేలియా రుమాలునకు పేరొందిన పుట్టపాక గ్రామము ఆ సంస్థాన్ నారాయణపురము మండలములోనిదే. బీదపిల్లలను ప్రవేశపరీక్షతో నెన్నుకొని, అచటనే భోజనము వసతి కల్పించి చదివించుట అందలి క్రమము. ఫలితములు మిక్కిలి గొప్పవి. దాని ననుసరించి గురుకులములు అనేకము వెలసెను. 2004 నుండి కస్తూర్బా బాలికా విద్యాలయములును, 2017లో నియోజకవర్గమున కొకటి చొప్పున 119 వెనుకబడిన తరగతుల గురుకులములును వచ్చెను. మన పిల్లలు వీనిలో చేరి బాగుపడుచున్నారు. ఐనను ప్రవేశపరీక్షయందు గెలిచినవాడు ముందే కొంత బలముగలవాడు. ఓడినవాడెచటికి పోవును? ఆ ప్రశ్నకు సమాధానము గురుకులమునందు లేదు.

సమాధానము దొరకినది మన రంగారెడ్డి జిల్లాలోనే, ఇంకను చెప్పవలెనన్న మన శేరిలింగంపల్లి మండలములోని హైదరాబాదు విశ్వవిద్యాలయము నుండియే. ఆ విద్యాలయము 1974లో స్థాపితమై గచ్చిబౌలి యందు నిలిచినది. అందు రాజనీతిశాస్త్రమును బోధించుచుండిన శాంతా సిన్హాగారు శ్రామిక విద్యాపీఠమను విస్తరణశాఖకు అధిపతిగా నుండి, 1987లో వెట్టిచాకిరి నుండి విడిపింపబడిన బాలురకు మూడునెలల శిబిరమును నడపిరి. పనికి పోయిన పిల్లవానిని తిన్నగా తరగతిలో కూర్చుండబెట్టినచో వాడు నిలువడు. వాని వయస్సు పదుమూడు, వాని యక్షరజ్ఞానము మొదటి తరగతిది. చిన్నపిల్లల నడుమ కూర్చుండుటకు సిగ్గుపడి పాఱిపోవును. కావున ముందు కొన్ని నెలలు తన యీడు పిల్లలతో శిబిరమున నుంచి, ఆటపాటలతో చదువునందు రుచి పుట్టించి, వాని వయస్సునకు దగిన తరగతిలో చేర్చవలెను. ఇదియే వారధి శిబిరమను పద్ధతి. 1991 నుండి ఆచార్య మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర వెలసిన ప్రతిష్ఠానము ద్వారా ఆమె దీనిని రంగారెడ్డి జిల్లా గ్రామములలో విస్తరింపజేసిరి. వేంకటరంగయ్యగారు చరిత్రకారులు, ఆమెకు తాతగారు.

ఆ ప్రతిష్ఠానమువారి యనుభవములో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచినవి రెండు కలవు. మొదటిది, బడికి పోని పిల్లవాడెవడైనను శ్రామికుడే యని వారు నిర్ణయించిరి. జీతము గొని పనిచేయువాడు, పశువులు కాచువాడు, చెల్లెలిని ఎత్తుకొని యింటనుండు బాలిక, తండ్రి మగ్గము వద్ద కండెలు చుట్టు పిల్ల, అందఱును ఒకటే. ఈ నిర్వచనము మనకు కటువుగా నుండును. ఎందుకనగా మనము ఇంటిపనిని పనిగా లెక్కింపము. రెండవది, బీదవారు పిల్లలను చదివింపగోరరను మాట యసత్యమని వారు గ్రామగ్రామమున చూపిరి. తల్లిదండ్రులు కోరుదురు. అడ్డుపడునవి చిన్నచిన్నవి. ఏడాది నడుమ చేర్చుకొనమందురు, టీసీ తెమ్మందురు, పుట్టినతేదీ పత్రము తెమ్మందురు, దస్తూరి తెలియని తండ్రి రెండుమాఱులు తిరిగి మూడవమాఱు రాడు. ఆ అడ్డులను తొలగించుటకు ఊరివారును, ప్రభుత్వోపాధ్యాయులును కలియవలసియుండెను. బాలకార్మిక విమోచన వేదిక పేర ఉపాధ్యాయులు స్వయముగా ఈ పనికి పూనుకొనిరి. తాము పాఠము చెప్పవలసినవాడు బడిలో లేనపుడు, వానిని వెదకికొనిపోవుట కూడ ఉపాధ్యాయధర్మమేయని వారు నిరూపించిరి. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించెను. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు ఆమె తొలి యధ్యక్షురాలైరి. ఈ మండలములో నివసించు మనవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలియును? సైబర్ టవర్సు ఏ యేట తెఱచిరో (1998లో) అందఱు చెప్పగలరు.

ఇంక చట్టముల సంగతి. 1986 నాటి బాలకార్మిక చట్టము పిల్లలచే చేయింపరాని పనుల పట్టికలో బీడీలు చుట్టుటను, వస్త్రములను నేయుటను, అద్దకమును చేర్చినది. కాని కుటుంబసభ్యులతో నింటిలో జరుపు పనికి మినహాయింపు నిచ్చినది. సిరిసిల్ల, కరీంనగరము, నిజామాబాదు సీమలలో మన యాడపిల్లలు తల్లి ప్రక్క కూర్చుండి బీడీలు చుట్టుటయు, పోచంపల్లి గట్టుప్పలలలో ఆసు పోయుటయు ఆ మినహాయింపు నీడనే సాగెను. 2002లో రాజ్యాంగమునకు ఎనుబదియాఱవ సవరణ జరిగెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను. అది ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకే వర్తించును. అనగా ఎనిమిదవ తరగతి దాటగానే చట్టము చేయి విడుచును. 2016 సవరణము పదునాలుగేండ్లలోపు పిల్లలచే పనిచేయించుటను నిషేధించియు, బడివేళ ముగిసిన పిదప ఇంటి వృత్తియందు సాయపడుటకు మఱల సందిచ్చెను. మనవంటి కులవృత్తులవారికి ఇది మేలని కొందఱు సంతోషించిరి. బడివేళ పిదప రాత్రి పదింటివఱకు కండెలు చుట్టిన పిల్ల మఱునాడు బీజగణితము నెట్లు వినునో వారే చెప్పవలెను.

చట్టము చేయి విడిచిన చోటనే పిల్లలు జాఱుచున్నారని లెక్కలు చూపుచున్నవి. 2024-25 సంవత్సరమునకు కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన యంకెల ప్రకారము దేశమంతట చదువు విడిచినవారు క్రింది తరగతులలో నూటికి 2.3, మధ్యతరగతులలో 3.5 కాగా, తొమ్మిదవ తరగతి మొదలుకొని పైన 8.2. మధ్యాహ్న భోజనమువలన చిన్నతరగతులలో నిలుకడ కలిగినది. మన రాష్ట్రమున 2003లో ప్రారంభమైన ఆ భోజనము తరువాత పై తరగతులకు సాగి, నేడు తొమ్మిది పది తరగతులకు కూడ రాష్ట్రవ్యయముతో జరుగుచున్నది. ఐనను పదునైదేండ్లవాని సంపాదనతో పోల్చిన ఒకపూట యన్నము చాలదు.

ఈ సందర్భమున మనవారు తఱచుగా నొక మాట యందురు: "చింతకింది మల్లేశముగారు ఏ హైస్కూలులో చదివి ఆసు యంత్రమును కనుగొనిరి?" ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన ఆయన పేదఱికముచే చిన్నతనముననే బడి వదలిరి. ఒక చీరకు ఆసు పోయుటలో తల్లి చేయి తొమ్మిదివేల మాఱులు అటునిటు కదలవలసియుండుట చూచి, 1992లో యంత్రము నారంభించి 1999లో పూర్తిచేసిరి. దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. ఆయన మన కులమునకు తిలకము. కాని ఆయన కథవలన చదువు అక్కఱలేదని తేల్చుట విపరీతతర్కము. యంత్రము పూర్తియగుటకు ఏడేండ్లు పట్టినది. విద్యుత్తును గూర్చియు, చలనమును గూర్చియు హైస్కూలులో నేర్పు పాఠములను ఆయన తన చేతికి తాకిన దెబ్బలతో నేర్చుకొనవలసివచ్చెను. ఆయనయే తరువాత పదవ తరగతి పరీక్షకు కట్టి ఉత్తీర్ణులైరి. చదువక గెలిచినవానిని చూపువారు, చదువక ఓడినవారిని లెక్కపెట్టరు. వారి పేర్లు ఏ సంచికలోను అచ్చుకావు.

ఇప్పుడు మన శేరిలింగంపల్లికి వత్తము. శేరి యనగా ప్రభువు తన స్వంతమునకై నిలుపుకొనిన సేద్యపు భూమి. ఆ భూములలో నేడు జొన్నలు లేవు. మాదాపురము, కొండాపురము, రాయదుర్గము, నానక్‌రాంగూడల యందు అద్దపు మేడలు లేచినవి. 2007లో ఈ ప్రాంతము మహానగరములో కలిసినది. నల్లగొండ, వరంగల్లు, పాలమూరు, కరీంనగరముల నుండి మగ్గము విడిచి వచ్చిన మనవారు చందానగరము, మియాపురము, హఫీజుపేట, తారానగరముల యందు స్థిరపడిరి. కొందఱు సాఫ్టువేరు ఉద్యోగులైరి. ఎక్కువమంది బట్టల దుకాణములలోను, దర్జీ పనిలోను, కాపలాదారులుగాను బ్రతుకుచున్నారు. మగ్గము పోయినది గనుక పిల్లవాని చదువునకు అడ్డు తొలగినదని తలంతుమేని పొరబాటు. అడ్డు రూపము మార్చుకొన్నది.

హాజరుపట్టీని ముప్పదియేండ్లకు పైగా పిలిచినవాడను గనుక ఒక సంగతి చెప్పగలను. పిల్లవాడు ఒక్కనాడు బడి మానడు. మొదట సోమవారములు రాడు. తరువాత దసరా సెలవులు గడచి బడి తెఱచినపుడు వారము ఆలస్యముగా వచ్చును. సంక్రాంతి తరువాత రానేరాడు. మార్చిలో పేరు కొట్టివేయుదుము. తొమ్మిదవ తరగతిలో ఇది అన్నిటికంటె అధికము. పదవ తరగతిలో పరీక్షభయముచే ఉపాధ్యాయులే కొంత గట్టిగా పట్టుకొందురు. తొమ్మిదవ తరగతి ఎవరికిని పట్టని తరగతి. నగరమున దీనికి మఱియొక కారణము చేరినది. ఇంటియద్దె పెరుగగానే కుటుంబము హఫీజుపేట నుండి పటాన్‌చెరువునకో, ఇంకను దూరమునకో కదలును. ఆ కదలిక జూను నెలలో జరుగదు, ఏడాది నడుమ జరుగును. క్రొత్తచోట బడికి పోయి టీసీ యిచ్చి చేర్పించువఱకు బాలుడు ఖాళీగా నుండును. ఖాళీగానున్న పదునైదేండ్ల బాలునకు మొబైలు మరమ్మతు దుకాణమో, ఫంక్షను హాలులో వడ్డనపనియో దొరకుట కష్టము కాదు. మొదటి జీతము చేతికి వచ్చినపిదప వానిని మఱల బెంచీపై కూర్చుండబెట్టుట యమునితో పోరాటమే.

బాలికల సంగతి వేఱు. వారు సంపాదనకు పోరు. చిన్నవానిని చూచుకొనుటకును, తల్లి పనికి పోయినపుడు ఇల్లు కాచుటకును ఆగుదురు. ఆగిన యేడాదికి పెండ్లిమాటలు వచ్చును. పదునెనిమిదేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదని చట్టము 1978 నుండి చెప్పుచున్నను, బడి మానిన పిల్లను ఇంటనుంచుకొనుటకు తల్లిదండ్రులు వెఱతురు. బడిలో నున్నంతవఱకు ఎవరును పెండ్లి యెప్పుడని యడుగరు. ఆడపిల్లకు హైస్కూలు చేయు తొలి యుపకారము ఇదియే.

ఇక మన మహాసభ పని. ప్రతి వత్సరము మనము పదవ తరగతిలో అధికాంకములు తెచ్చుకొనినవారికి వేదికపై పతకములిచ్చుచున్నాము. తల్లిదండ్రులు ఆనందింతురు, దాతల పేర్లు చదువుదుము, ఛాయాచిత్రములు తీయింతుము. దీనిని మానుమని నేననను. కాని ఆ పతకము నందుకొను పిల్లవాడు పతకము లేకున్నను చదువును. అదే వీథిలో అదే యేడాది తొమ్మిదవ తరగతిని విడిచిన పిల్లవాని పేరు మన సంఘమువద్ద లేదు. 1918లో హాస్టలు కట్టినవారు తెలివిగలవానిని సన్మానించుటకు కట్టలేదు. చదువ వచ్చినవాడు ఆకలిచే తిరిగిపోకుండుటకు కట్టిరి. 1991లో గ్రామములు తిరిగినవారు మొదటిర్యాంకు వానిని వెదకలేదు.

కావున కార్యవర్గమువారి యెదుట ఈ మాటలుంచుచున్నాను. ఈ మండలములోని ప్రభుత్వ హైస్కూళ్లలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు చదువు మన పిల్లల పేర్లతో ఒక పుస్తకము వ్రాయవలెను. ప్రక్కింటి వేఱుకులపు పిల్లవానిని విడుచుట ధర్మము కాదు, వాని పేరును చేర్పవలెను. రెడ్డి హాస్టలువారు నూఱేండ్ల క్రిందటనే ఆ యౌదార్యము చూపిరి. వరుసగా మూడుదినములు రాని పిల్లవాని యింటికి నాలుగవనాడు మన యువజనులలో నిద్దఱు పోవలెను. ఇద్దఱు పోవుటయే చాలు, ఉపన్యాసమక్కఱలేదు. ఏమి జరిగినదని యడిగినచో సగము చిక్కులు అచటనే తెలియును. అద్దెకై ఇల్లు మాఱుచున్న కుటుంబమునకు టీసీ తెచ్చి క్రొత్త బడిలో చేర్పించు పనిని సంఘమే చేయవలెను. ఇందు ధనము ఖర్చుకాదు, రెండు పూటల కాలము మాత్రము పట్టును. గణితములో తప్పి ఇంట కూర్చుండినవానికి ఆ వేసవిలోనే జరుగు అడ్వాన్సుడ్ సప్లిమెంటరీ పరీక్షకు రుసుము కట్టి, సాయంకాలము కూర్చుండబెట్టి చెప్పుటకు మనలో విశ్రాంతోపాధ్యాయులు ఉన్నారు. వారిలో మొదటివానిగా నా పేరు వ్రాసికొనుడు. వయస్సు మీఱినవారిని తెలంగాణ ఓపెన్ స్కూలు పరీక్షలకు కట్టింపవచ్చును.

సాఫ్టువేరు ఉద్యోగములలో నున్న మన యువకులను నేను ధనము కంటె ముందుగా ఒకటి కోరుచున్నాను. వారు ప్రతిదినము పోవు మేడలను కట్టిన కూలీల పిల్లలును, ఆ మేడలకు కాపలాకాయువారి పిల్లలును వారి గుమ్మములకు దగ్గఱలోనే యున్నారు. నెలకొక ఆదివారము తమ వీథి ప్రభుత్వ హైస్కూలు తొమ్మిదవ తరగతి పిల్లలతో గడపినచో, హైస్కూలు ముగించినపిదప ఏమగునో ఆ పిల్లలకు కంటితో చూచినట్లగును. ఆసు పోసిన చేతులనుండి కీబోర్డు వఱకు వచ్చినవారు గదా వారు; వారు చెప్పునది పిల్లలు విందురు.

పుస్తకమునకు వలయు ముద్రిత పత్రములను నేను సిద్ధము చేయించితిని. పేరు, తరగతి, తండ్రి వృత్తి, ఇంటిచిరునామా, అద్దెయిల్లయిన నెన్నాళ్లనుండి యున్నారు, ఇంట చిన్నపిల్లలెందఱు, అను గడులున్నవి. మహాసభ జరుగు రెండు దినములును భోజనశాల ప్రక్కనున్న బల్లపై ఆ పత్రములుండును. జూనులో బడులు తెఱచునాటికి చందానగరము, తారానగరము, హఫీజుపేట పేర్లు పూర్తికావలెను. మియాపురమునకు ఇద్దఱు యువకులు ఒప్పుకొనియున్నారు. గోపన్‌పల్లికిని, నల్లగండ్లకును ఇంకను ఎవరును రాలేదు.